సగం సీటు మీద మనిషి

నాకు ముఖాలు గీయడం రాదు. ముక్కు గీస్తే వంకాయలా వస్తుంది. బొల్లారంలో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పనిచేస్తూ, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునేదాన్ని, అంతకన్నా ఏమొస్తుంది? అయితే ఆ వీడియోల్లో ఒక మాట నన్ను పట్టుకుంది. ముఖం వదిలెయ్, ముందు ఒంటి వంపు చూడు, బరువు ఏ కాలి మీదుందో చూడు, అర నిమిషంలో గీసెయ్ అని.

అప్పటినుంచి కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూడటమే నా పని. నైట్ షిఫ్టు దిగినవాళ్లకు అలసట కళ్లకన్నా ముందు నడుములో కనిపిస్తుంది. ఎంత చూసినా తనివి తీరదు. కానీ గీస్తున్నానని తెలిస్తే చాలు, మనవాళ్లు పై గుండీ పెట్టుకుని, చేతులు కిందికి దించి కర్రల్లా బిగుసుకుపోతారు. ఫోటో అనుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

నా పక్కనే పనిచేసే అక్క భర్త పోయి ఏడాది కావస్తోంది. ఆయన షేర్ ఆటో నడిపేవాడు. సంవత్సరీకానికి గోడకు పెట్టే ఫోటో కోసం ఆమె ఫోనంతా వెతికింది.

"అన్నిట్ల బిగుసుకపోయి నిలవడ్డడు చెల్లె. గీ ఫోటోలల్లున్నాయన మా ఆయన లెక్కనే లేడు. ఎట్లుంటుండెనో మర్శిపోతనేమోనని బుగులైతుంది. జెర నువ్వు గీసియ్యి," అంది.

నాకు ముఖాలు రావంటే వినలేదు.

ముఖం గీసి, చించేశాను. తర్వాత ఆయన ఆటోలో ఎలా కూర్చునేవాడో గుర్తుచేసుకున్నాను. డ్రైవర్ పక్కన కూడా మనుషుల్ని ఎక్కిస్తారు కదా, ఆయన సీటు అంచుకు జరిగి, ఒక భుజం బయటికి వాల్చి ఉండేవాడు. సాయంత్రం అక్క కోసం మా కంపెనీ గేటుకు ఖాళీ ఆటోతో వచ్చినప్పుడూ అంతే. అలా కూర్చుంటే మెడ ఎటు తిరుగుతుంది? బరువు ఎక్కడ పడుతుంది? ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని చూశాను.

"కుర్చీల ముండ్లున్నయా ఏంది?" అని మా ఆయన నవ్వాడు.

నడుము ఒకవైపు లాగింది. ఆ లాగుడే గీశాను.

మర్నాడు బస్సులో అక్కకు చూపించాను. ముఖం లేదు, నాలుగు గీతలే. తిడుతుందేమోనని భయపడ్డాను.

"అగో, ఈయనే," అంది. బొమ్మలో ఆయన పక్కన ఖాళీగా ఉన్న సీటు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మనుషులను కుక్కి కుక్కి అన్నకు గట్ల అలవాటైనట్టుంది అక్కా," అన్నాను.

"అలవాటేంది? నన్ను తీస్కపోనీకి వచ్చేటప్పుడు బండి ఖాళీనే గద. నేను ఎక్కకముందే నాకు జాగ ఇడిసి వస్తుండె."

 ముఖం కూడా వేయడానికి ప్రయత్నించనా అని అడిగాను.

"వద్దు తియ్యి," అంది. "ముఖం ఫోటోలల్ల ఉన్నది."