చెయ్యి దూరని ఎలుగుబంటి

దూదక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఎందుకు పెట్టారో మాత్రం ఆవిడ తల చూస్తే తెలిసిపోతుంది. ఇరవయ్యేళ్లుగా దూది కూరిన బొమ్మలు కుట్టి కుట్టి, జుట్టులోనూ కనుబొమల మీదా ఎప్పుడూ నాలుగు పోగులు అంటుకునే ఉంటాయి. తుమ్మితే రెండు రాలతాయి, మళ్లీ సాయంత్రానికి ఆ లెక్క సరిపోతుంది. మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. వీధివైపు గదిలో గోడవార ఆయన బల్ల, కిటికీ దగ్గర ఈవిడ చాప. ఆయన బల్ల మీద మాయమైన స్ప్రింగు ఈవిడ కుందేలు కడుపులో తేలిన రోజులు లేకపోలేదు.

దూదక్క గొప్పంతా కుట్టు దాచడంలో ఉంది. బట్టను తిరగేసి కుట్టి, బయటికి తిప్పి, దూది కూరాక చివర ఒక కంత మిగులుతుంది చూడండి, దాన్ని మూయడమే అసలు విద్య. ఈ అంచు మడతలో ఒక పోటు, ఆ అంచు మడతలో ఒక పోటు, నిచ్చెనమెట్లలా వేసుకుంటూ పోయి దారం లాగితే రెండంచులూ పెదవుల్లా మూసుకుంటాయి. ముడిని కూడా కడుపులోకి లాగేస్తుంది. కుట్టులో ఇరుక్కున్న బొచ్చును మొద్దు సూదితో పైకి తీసి, పాత పళ్ల బ్రష్షుతో దువ్వేస్తుంది. అంతటితో ఆగితే దూదక్క ఎందుకవుతుంది? కుట్టు ఎప్పుడూ నడుమన తిన్నగా వెయ్యదు. జనం కళ్లు ముందు అక్కడికే పోతాయట. అందుకని వంకర తిప్పి ఏ చంక కిందికో మళ్లిస్తుంది.

ఇంత చేసినా ఆడపడుచు దగ్గర మాత్రం పప్పులుడకవు. ఆవిడ మొగుడికి అక్క, రెండు వీధుల అవతల ఉంటుంది, రోజూ మధ్యాహ్నం టీ వేళకి వస్తుంది. వచ్చి కూర్చుని, బొమ్మను చేతిలోకి తీసుకోకుండానే అంటుంది.

"కుట్టు కనిపిస్తోందే మరదలా."

"ఎక్కడ వదినా?"

"చెబితే సరిచేసుకుంటావు. ఇక నాకు పనేం ఉంటుంది?"

ఒకనాడు దూదక్కకి ఒళ్లు మండింది. "నా కుట్టు ఎవరైనా వేలు పెట్టి చూపించిన రోజున ఈ సూది మురిక్కాలవలో పారేస్తాను, చూస్తూండండి" అనేసింది. అప్పట్నుంచీ ఆడపడుచు టీకి ఇంకో పావుగంట ముందే వస్తోంది.

ఇలా ఉండగా పిల్లలకి బొమ్మలాట ఆడించే మాస్టారు వెతుక్కుంటూ వచ్చారు. చేతికి తొడిగి ఆడించే బొమ్మలు ఆయనవి. పాత సింహానికి మెడ చుట్టూ కుట్టు ఉందట. ముందు వరసలో పిల్లలు సింహం పీక కోశారని ఏడుస్తున్నారట. "ముందు ఒక ఎలుగుబంటి కుట్టివ్వండమ్మా. శనివారం ఐదింటికి ఆట. అది బాగా ఆడితే మిగతా ఏడు బొమ్మలూ మీకే. లేకపోతే నా పాత సింహంతోనే తంటాలు పడతాను" అని కాగితం మీద కొలతలు గీసిచ్చి వెళ్లారు. వీపున జానెడు చీలిక ఉంచాలి, చెయ్యి అందులోంచే దూరాలి.

దూదక్కకి ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మాలి. ఇరవయ్యేళ్లలో ఆవిడ బొమ్మ ఒక్కటీ నోరు విప్పలేదు. అన్నీ అలమరల్లో కూర్చుని గోడల వంక చూసేవే. ఇప్పుడు ఒకటి లేచి, చేతులాడించి, నలుగురి ముందూ మాట్లాడబోతోంది.

శుక్రవారానికి ఎలుగుబంటి తయారైంది. బొచ్చు దువ్వడానికి వీలుగా పొట్ట నిలబడాలి కదా అని లోపల ఒక పాత తువ్వాలు కుక్కింది. చీలిక ఒక్కటే తెరిచి ఉంది. ఆడపడుచు టీ ఊదుకుంటూ, "ఇన్నాళ్లూ కుట్టే అనుకున్నాను, ఇవాళ ఏకంగా కంతే కనిపిస్తోందే" అంది.

దూదక్క సూది అందుకుంది. ఒళ్లు మండుతూ ఉండగా, చేతులు ఇరవయ్యేళ్ల పని అవి చేసుకుపోయాయి. ఈ అంచు ఒకటి, ఆ అంచు ఒకటి. ముడి లోపలికి. బొచ్చు పైకి. బ్రష్షుతో నాలుగు దువ్వులు. "ఇప్పుడు చూపించండి వదినా" అని ఎలుగుబంటిని ఎదురుగా కూర్చోబెట్టి, గర్వంగా తుమ్మింది.

శనివారం నాలుగింటికి మాస్టారు వచ్చారు. ఎలుగుబంటిని అందుకుని మెచ్చుకున్నారు. తిప్పారు. మళ్లీ తిప్పారు. తలకిందులు చేశారు.

"అమ్మా, చెయ్యి ఎక్కడ పెట్టాలి?"

నిన్న పంతంలో చీలికనే కుట్టి దాచేసిందని దూదక్కకి అప్పుడు వెలిగింది.

మొగుడు కంటికి భూతద్దం బిగించి వీపంతా పరీక్షించాడు. "బొచ్చు కనిపిస్తోంది. చాలా ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. "కుట్టును ఎడమ చంకకి తిప్పావా, కుడి చంకకా?"

"అది గుర్తుంటే దాచడం ఎందుకండీ?"

"పోనీ ఎక్కడో ఒకచోట కత్తెర పెట్టు."

"అల్లిక బట్టండీ. తప్పుచోట తెగితే పోగు జారుకుంటూ మెడదాకా పోతుంది."

అప్పుడే టీకి వచ్చిన ఆడపడుచుతో సహా నలుగురూ వంతులవారీగా ఎలుగుబంటి వీపు నిమిరారు. కాసేపటికి ఎందుకు నిమురుతున్నారో మాస్టారు మరిచిపోయినట్టు కూడా కనిపించారు. దూదక్క ఇక లాభం లేదనుకుని, సూదిని తీసి ఆడపడుచు ముందు పెట్టింది.

"వదినా, మీకొక్కరికే కనిపిస్తుంది. చూపించండి. పందెం మీదే. సూది పారేస్తాను, కానీ ఇది మాత్రం నోరు విప్పాలి."

ఆడపడుచు ఎలుగుబంటిని ఒళ్లో వేసుకుంది. కళ్లజోడు తుడుచుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది, తిరిగొచ్చింది. చివరికి గొంతు తగ్గించి, "నాకేం కనిపించడం లేదే" అంది.

"ఇవాళా?"

"ఎప్పుడూనూ."

"మరి ఇన్నేళ్లుగా?"

"ఏదో ఒకటి అనకపోతే, ఊరికే టీ తాగిపోయిన దానిలా ఉంటుంది కదే."

దూదక్క మొహం పెనం మీద పుల్కాలా పొంగింది. అర నిమిషం పాటు ఎలుగుబంటి సంగతే మరిచిపోయింది. ఇంతలో మొగుడి గోడ మీది గడియారాల్లో ఒకటి ఐదు కొట్టింది. అది అరగంట ముందు నడిచేదే, కానీ ఆ సంగతి తెలియని మాస్టారికి చెమటలు పట్టాయి.

అప్పుడు దూదక్క కత్తెర తీసింది. ఏ చంకా వెతకలేదు. వీపు నడుమన, తన జన్మలో ఎన్నడూ కుట్టు వెయ్యని చోట, తిన్నగా జానెడు కోసేసింది. తువ్వాలు బయటపడింది. "పొద్దుట్నుంచీ దీనికోసమే వెతుకుతున్నాను" అని మొగుడు దాన్ని భుజాన వేసుకున్నాడు. పోగు జారిపోకుండా ఆడపడుచు అంచులు గట్టిగా పట్టుకుంటే, దూదక్క చేతికందిన ఎర్ర నాడాను ఆ అంచుల చుట్టూ వేసి, ఇంతింత పోట్లు పొడిచి కుట్టేసింది.

"ఇప్పుడు నిజంగానే కనిపిస్తోందే."

"కనిపించాలి వదినా. చెయ్యి పెట్టేవాళ్లకి వీధి చివరినుంచి కనిపించాలి."

ఐదింటికి ఆట జరిగే హాలు వెనక గోడకి ఆనుకుని దూదక్క నిలబడింది. తెర మీదికి ఎలుగుబంటి వచ్చింది, అటూ ఇటూ చూసింది, నోరు తెరిచి, "నాకు వీపు దురదగా ఉంది, ఎవరైనా గోకుతారా?" అంది. అది మాస్టారు అప్పటికప్పుడు కల్పించిన మాట. ముందు వరసలో ఒక పిల్ల లేచి, దీన్ని ఎక్కడ పట్టుకున్నారని అడిగింది. దూదక్క కళ్లు తుడుచుకుంటే కనురెప్పలకి దూది అంటింది.

మిగతా ఏడూ ఆవిడకే ఇచ్చారు. కంత మూసుకుపోకుండా ఒక ఏర్పాటు కూడా చేసుకుంది. బొమ్మ పూర్తయ్యేదాకా ఆడపడుచు తన చెయ్యి లోపల పెట్టుకుని కూర్చోవాలి, టీ రెండో చేత్తో తాగాలి. మొదట నక్క వంతు. చలిరోజులు, ఆడపడుచు ఉన్ని స్వెటర్ వేసుకొచ్చింది. కబుర్లలో పడి సాయంత్రమైంది. లేవబోతే నక్క చెయ్యి వదల్లేదు. దూదక్క సూది రెంటినీ కలిపి కుట్టేసింది, నక్క బొచ్చూ స్వెటర్ బొచ్చూ కలిసిపోయి ఉన్నాయి, ఎక్కడ కలిశాయో ముగ్గురికీ అంతుపట్టలేదు. స్వెటర్ విప్పుదామంటే చలి.

"రేపు పొద్దున్న వెలుతురులో చూద్దాం లెండి వదినా."

ఆడపడుచు నక్కతోనే ఇంటికి బయల్దేరింది. దారిలో కూరల కొట్టు ఆవిడ పలకరిస్తే, బదులు నక్కే చెప్పింది.