ఫోటోలో గేదె ఉంది, నేను లేను

నా పొలంలో, నా గొంతుతో, రెండు చేతులూ ఊపుతూ నేను అభ్యంతరం చెప్పిన ఫోటోలో నేను లేను. నా గేదె ఉంది. గట్టు మీద విడిచిన నా చెప్పులు ఉన్నాయి. అవతలి కరెంటు స్తంభం తన పింగాణీ గిన్నెలతో సహా ఉంది. నేను మాత్రం లేను.

ఇంతకంటే పెద్ద అన్యాయం మీకు జరిగి ఉంటే చెప్పండి, పక్కకు జరిగి చోటిస్తాను. జరగకపోతే కూర్చుని వినండి. ఈ ఒక్క ఫోటో కోసం నేను ఏ పాపం ఎరగని పిల్లను గూఢచారిని చేశాను, పక్క పొలాల వాళ్ళను గట్టు మీదికి పిలిచాను, ముక్కూ మొహం తెలియని మాస్టారికి నాలుగు పేజీల తిట్లు రాశాను. అప్పటికి నాది ఇంకా చిన్న వయసు. డెబ్బై దాటి ఏడాదే అయింది. కుర్రతనంలో ఆవేశం ఉంటుంది కదా.

మాది కల్లూరు నుంచి సత్తుపల్లి దిక్కు పోతుంటే చిట్టడివి అంచున ఉన్న పల్లె. నేను బడికి పోయింది తక్కువ. నా చదువంతా కిరాణా కొట్టు పొట్లాల మీద సాగింది. చింతపండు కట్టిన కాగితంలో భూగోళం, బెల్లం కట్టిన కాగితంలో చట్టం చదువుకున్నాను. అందుకే నా చట్టం కొంచెం జిగటగా ఉంటుంది, అంటుకుంటే వదలదు.

చట్టం మీద నాకు అంత మోజు ఎందుకంటే, నా చిన్నప్పుడు మూడు కాళ్ళ స్టాండు ఒకటి మా పొలంలోకి వచ్చింది. దాని మీద గొట్టం, గొట్టానికి కన్ను ఆనించి ఒక సారు. మా నాయన ఏం చేశాడు? ఎండన పడి వచ్చారని ఆ సార్లకు మజ్జిగ పోశాడు. నీడకు చాప వేశాడు. సార్లు పోయారు. కొన్నాళ్ళకు కాలువ వచ్చింది. మా పొలంలో సగం దాని కింద పోయింది. నాయన ఆఫీసుకు పోయి మొరపెట్టుకుంటే, "సర్వే నాడు అభ్యంతరం చెప్పినవా?" అని అడిగారు. చెప్పలేదు. కాగితంలో 'అభ్యంతరాలు లేవు' అని ఉంది. మజ్జిగ సంగతి కాగితంలో లేదు.

నాయన ఆ తర్వాత కూడా వచ్చినవాడికల్లా మజ్జిగ పోస్తూనే ఉన్నాడు, అది ఆయన గుణం. నేను మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను. ఇంకోసారి మూడు కాళ్ళది ఏదైనా మిగిలిన సగంలో కాలు పెడితే అభ్యంతరం చెప్తాను. చెప్పినట్టు రుజువు కూడా సంపాదిస్తాను.

రెండేళ్ళ కింద, నాట్లకు ముందు, మా దిక్కు కొత్త రోడ్డు పడుతుందని పుకారు లేచింది. ఎవరి పొలం పోతుందో ఎవరికీ తెలియదు గనక అందరి పొలాలూ పోతున్నట్టే మాట్లాడుకునేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లో ఒక పొద్దున నేను మడికి పోయేసరికి, దున్ని నీళ్ళు పెట్టిన నా మడిలో మూడు కాళ్ళు నిలబడి ఉన్నాయి. పక్కన ఒక పిల్ల. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బురదలో పిక్కల దాకా దిగి, కొంగలా కదలకుండా నిలబడి ఉంది.

చెప్పులు గట్టు మీద విడిచాను. గొంతు సవరించుకున్నాను.

"ఏయ్ పిల్లా! ఎవరు నువ్వు? ఎవరు పంపిన్రు నిన్ను?"

"నమస్తే తాతా. మా సార్ పంపిన్రు."

చూశారా! ప్రతి కాలువ వెనకా ఒక సారు ఉంటాడు.

"ఏ సారు? ఏ డిపార్ట్‌మెంటు?"

"ఫోటోగ్రఫీ తాతా. హైదరాబాద్‌ల చదువుతున్న. మాది కొత్తగూడెం. మా నాయన బొగ్గు బాయిల పని చేస్తడు. నా పేరు మౌనిక."

"బొగ్గు బాయా? ఏందీ, నా మడి కింద బొగ్గు గిట్ట ఉన్నదా?"

రోడ్డు భయం ఒకటే ఉన్నవాడికి క్షణంలో బొగ్గు భయం కూడా తోడైంది.

"బొగ్గు కాదు తాతా, నీళ్ళు. నీళ్ళల్ల ఆకాశం పడ్తది కద, అది తీయాలె. పేరున్న ఫోటోగ్రాఫర్లను ఇద్దర్ని ఎంచుకొని, వాళ్ళు తీసినయి మంచిగ చూసి, మా దిక్కు మేము అట్ల తీసి చూపెట్టాలె. మొదలు పర్ణశాల పోయిన. గోదావరి ఒడ్డున గాలి, పడవలు, జనం. నీళ్ళు కుదురుగ ఉంటే గద! బస్సుల పోతుంటే మీ మడి కనబడ్డది, దిగిన."

"నా మడి గోదారి కన్న గొప్పదా?"

"ఇయ్యాల్టికి గొప్పదే తాతా."

ఈ మాటకు నేను కొంచెం మెత్తబడ్డానని ఒప్పుకోవాలి. అది కనిపెట్టి ఆ పిల్ల ఫోన్ తీసి ఆ పెద్దల ఫోటోలు చూపించింది. ఒకాయన వాన నీళ్ళ గుంటల్లోనే ఊరంతా చూపించాడు. మేడలూ దీపాలూ గొడుగులూ అన్నీ రోడ్డు మీది గుంటలో దిగి కూర్చున్నాయి. ఇంకొకాయన సముద్రంలో పాతిన నాలుగు గుంజలను తీశాడు. అంతే, నాలుగు గుంజలు. చుట్టూ నీళ్ళు మీగడలా పేరుకొని ఉన్నాయి, అల అన్నది లేదు. ఆ గుంజలు చూస్తూ నేను తిట్టడం మరిచిపోయాను. అది ఎంత పెద్ద సంగతో మా ఇంట్లో అడిగి తెలుసుకోండి.

"సముద్రం గిట్ల ఎట్ల ఆగింది బిడ్డా?"

"సముద్రం ఆగలే తాతా, ఆయన ఆగిండు. కెమెరా కన్ను తెరిచి చానాసేపు అట్లనే ఉంచిండు. అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి పొగలెక్క అయినయి. గుంజలు కదలలే, అందుకని మంచిగ పడ్డయి."

ఎంత బాగా చెప్పింది! ఎంత తేటగా చెప్పింది! ఈ ముక్క అప్పుడే నా బుర్రలోకి దిగి ఉంటే ఇవాళ మీకు నవ్వుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నా బుర్రలో అప్పటికే మా నాయన మజ్జిగ చెంబు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

నేను ఆమెనే గమనిస్తూ నిలబడ్డాను. స్టాండు మీద మేస్త్రీలు గోడకు పెట్టి చూసుకునే నీటి బుడగలాంటిది ఉంది. అది నడుమకు వచ్చేదాకా కాళ్ళు సవరించింది. ఫోటోకు బుడగెందుకు? తర్వాత అవతలి గట్టు చూసి, "ఆ కరెంటు స్తంభం లేకపోతే ఎంత బాగుండు" అంది. చూశారా, స్తంభాలు పీకే దాకా వచ్చింది! ఆఖరికి సంచిలోంచి నల్ల అద్దం ఒకటి తీసి, వెలుగు తగ్గాలె అంటూ కెమెరా కంటికి బిగించింది. కంటికి గంతలు కట్టి ఫోటో తీసేవాళ్ళను మీరెక్కడైనా చూశారా? నేను కొత్తగూడెం స్టూడియోలో ఫోటో దిగినవాణ్ణి. ఫోటో అంటే టిక్కుమనాలి. ఇది టిక్కుమనదు, మెరవదు, బుడగతో మట్టం చూస్తుంది, మూడు కాళ్ళ మీద నిలబడుతుంది. ఇక దీన్ని సర్వే యంత్రం కాదనడానికి నాకు మనసు రాలేదు.

అంతలో పక్క పొలం బుచ్చిరాములు గట్టు మీదికి వచ్చాడు. వాడు నన్ను మామా అంటాడు, నాకు కోపం వచ్చిన ప్రతిసారీ ఎక్కడున్నా వాసన పట్టి వస్తాడు.

"ఏంది మామా లొల్లి?"

"సర్వే రా! రోడ్డు సర్వే!"

"సర్వేనా? నా పొలంల గూడ చేస్తదా?"

"ఈడ ఆపకపోతే ఆడికే వస్తది. పిలువు అందర్ని!"

వాడు కేక పెట్టాడు. కెమెరా వెనక గట్టు మీదికి నలుగురైదుగురు చేరారు. వచ్చినవాళ్ళెవరికీ సంగతి తెలియదు, అయినా అందరి మొహాలూ న్యాయం మన పక్షమే అన్నట్టున్నాయి.

"తాతా, కన్ను తెరిచిన" అంది మౌనిక, చేతిలో తీగకు కట్టిన మీట నొక్కి పట్టుకొని. "నాలుగు నిమిషాలు పడ్తది. జర పక్కకు..."

"పక్కకా? నేనా? అడ్డమే నిలబడ్త! నేను అడ్డం చెప్తున్నట్టు ఫోటో పడాలె. నీ సారు చూడాలె, నీ సారుకు సారు చూడాలె!"

"సరే తాతా, పడ్తది. కదలకుండ నిలబడ్తరా మరి?"

"కదలకుండ అడ్డం చెప్పుడు ఎట్లనే?"

నేను మడిలోకి దిగాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నడిచాను. చేతులు గాలిమరలా తిప్పాను. "ఇది మా తాత దున్నిన మడి! మా నాయనను మోసం చేసిన్రు, నన్ను చేయలేరు! నాకు అభ్యంతరం ఉన్నది! రాసుకోండి, అభ్యంతరం ఉన్నది!" అని అరిచాను. బుచ్చిరాములు మధ్య మధ్య "ఉన్నది! ఉన్నది!" అని వంత పాడాడు. మూల గుంటలో పడుకున్న మా గేదె ఒక్కతే తల తిప్పకుండా నెమరు వేసుకుంటూ ఉంది. దానికి భూమి సమస్యల మీద ఆసక్తి లేదు.

ఆ పిల్లను మాత్రం మెచ్చుకోవాలి. ఒక ముసలివాడు కళ్ళ ముందు తాండవం చేస్తుంటే విసుక్కోలేదు, భయపడలేదు, మీట మీది వేలు తీయలేదు. ఎన్నెన్ని ఊళ్ళు తిరిగి ఒక్క మడి దొరికితే, అందులో అద్దంలా ఉన్న నీళ్ళన్నీ నేను చిలికేస్తుంటే, నోరెత్తకుండా నిలబడింది. ఆ ఓపిక నాకు ఉండి ఉంటే నేను ఈపాటికి జిల్లా జడ్జిని అయ్యేవాణ్ణి.

"తీసినవా?" అన్నాను ఆయాసపడుతూ.

"తీసిన తాతా."

"నేను అడ్డం చెప్తున్నట్టు పడ్డదా?"

ఆమె కెమెరా వెనక చాలాసేపు చూసింది. "పడ్డది తాతా. కొంచెం వేరేగ పడ్డది."

"ఎట్ల పడితే అట్లనే బుచ్చిరాములు ఫోన్‌కు పంపు. నాకు రుజువు కావాలె."

అప్పుడే మా ఆవిడ సత్తెమ్మ సద్ది పట్టుకొని వచ్చింది. గుంపును చూసింది, బురదలో నన్ను చూసింది, స్టాండును చూసింది, పిల్ల మొహం చూసింది. "తిన్నవా బిడ్డా పొద్దుగాల?" అని అడిగింది. లేదంది. నా సద్ది ఆ పిల్ల ముందు పెట్టి, పైనుంచి మజ్జిగ పోసింది! మా నాయన గుణం నన్ను దాటేసి కోడలికి చేరిందని నాకు ఆ రోజే తెలిసింది.

వారం తిరగకుండా బుచ్చిరాములు ఫోన్‌కు ఫోటో వచ్చింది. హోటల్ దగ్గర టీ తాగుతున్నవాళ్ళంతా చుట్టూ మూగారు.

"అరె, బర్రె ఎంత ముద్దుగ పడ్డది!"

"మూతి కాడ మసక ఉన్నది చూడు. నెమరేస్తున్నది గావచ్చు."

"చెప్పులు ఎవరియి?"

"నాయి రా" అన్నాను. "ఇప్పుడు నన్ను చూపెట్టు."

బుచ్చిరాములు రెండు వేళ్ళతో ఫోటోను సాగదీశాడు. మూలమూలలా వెతికాడు. గేదె కింద కూడా వెతికాడు.

"మామా... నువ్వు లేవు."

"లేకపోవుడేంది రా? నాలుగు నిమిషాలు గొంతు చించుకున్న!"

"చెప్పులున్నయి గద. చెప్పులున్నయంటే నువ్వున్నట్టే."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాయనను కాగితంలో రాయలేదు. నన్ను ఫోటోలోంచి తుడిచేశారు. ఆ ఫోటో చూసిన ఏ ఆఫీసరైనా ఏమంటాడు? 'పొలం ఉంది, గేదె ఉంది, అభ్యంతరాలు లేవు' అంటాడు. ఇంటికి పోయి, మౌనిక ఇచ్చిన కాలేజీ అడ్రసుకు ఆమె సారు పేరున నాలుగు పేజీలు రాశాను. "అయ్యా, గేదెకున్న విలువ దాని యజమానికి లేదా? నన్ను ఎవరు తుడిచారు, ఎవరి ఆజ్ఞ మీద తుడిచారు, తుడిచిన నన్ను ఎక్కడ పెట్టారు?" అని నిలదీశాను. మా ఆవిడ ఒకటే అంది: "ఆ పిల్ల తప్పేం లేదు. నువ్వు ఇంట్ల ఫోటోల గూడ ఎన్నడు సక్కగ పడ్డవ్?" నేను వినలేదు. పోస్టు చేసి వచ్చాను.

జవాబు చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజు పెద్ద అట్ట కవరులో వచ్చింది. లోపల అదే ఫోటో, ఈసారి గోడకు కొట్టేంత పెద్దది.

ఫోన్‌లో చూసింది ఒక లెక్క కాదని అప్పుడు తెలిసింది. పైన మబ్బులు, కింద నా మడిలో అవే మబ్బులు, కొంచెం మెత్తగా, కొంచెం నిద్రలో ఉన్నట్టు. మధ్యలో గట్టు సన్నటి దారంలా ఉంది. ఆ మడిలో నేను కలుపు చూశాను, చీడ చూశాను, ఎలుక బొరియలు చూశాను. అంత ఆకాశం ఉందని చూసుకోలేదు. నేను చిలికిన నీళ్ళు ఆ నాలుగు గుంజల చుట్టూ ఉన్న సముద్రంలా మీగడ కట్టాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, నీళ్ళకు కొంచెం పైన, తెల్లటి పొగ ఒకటి పల్చగా తేలుతోంది. ఆ సముద్రం ఫోటో తీసిన పెద్దాయన చూసినా ఆ పిల్లను మెచ్చుకుంటాడు. నేనైతే ఎదురుగా కూర్చుని పొద్దుగూకేదాకా లేవలేదు.

ఆ రోడ్డు ఇంకా రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ ఆ ఫోటోకు చెయ్యెత్తి మొక్కి ఒక ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట ఎవరు మూడు కాళ్ళది తెచ్చి నా పొలంలో పెట్టినా, ముందు మజ్జిగ పోస్తాను. తర్వాత స్టూలు తెప్పించుకొని కూర్చుంటాను. ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా, పెదవి కదపకుండా అభ్యంతరం చెప్తాను. "అది నీతోని అయితదా?" అని మా ఆవిడ అడిగింది. ఆమె ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. కవరులో ఫోటోతో పాటు వచ్చిన మౌనిక జవాబు మాత్రం ఉన్నదున్నట్టు చదువుతాను:

"తాతా, నమస్తే. మిమ్మల్ని ఎవ్వరూ తుడవలే. ఆ నాలుగు నిమిషాలు బర్రె ఒక్క కాడ ఉన్నది, మీరు పొలమంతా ఉన్నరు. ఒక్క కాడ ఉన్నది బొమ్మగ పడ్తది, అంతటా ఉన్నది పొగగ పడ్తది. మా సార్ చూసి, 'ఈ పొగ ఎవరు?' అని అడిగిండు. 'ఏంది' అనలే తాతా, 'ఎవరు' అన్నడు. ఆ పొలం ఆయనదే సార్, అడ్డం చెప్తున్నడు అన్న. అయితే కింద ఆ మాటే రాయమన్నడు. 'పొలం గలాయన అభ్యంతరం' అని రాసి మా కాలేజీ గోడకు పెట్టినం. చూడవచ్చినోళ్ళందరూ ఒక్కటే అడుగుతున్నరు, ఆయన ఇంకా ఆడనే ఉన్నడా అని. ఉన్నడనే చెప్తున్న."