అమావాస్య నాడు పలకని చిప్పు

అమావాస్య నాడు మా ఊళ్లో మగ్గం నేయరు. అందుకే ఆ రోజే ఎంచుకున్నాను. కర్నూలు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవొస్తే చాలు, బస్సెక్కి ఎర్రగుంట్ల దాటి మా ఊరొచ్చి పడేవాణ్ణి. మా వెనక వీధి నేతన్న మగ్గానికి నేనే ఒక చిన్న పెట్టె చేసి తగిలించాను. చీర అంచులో ఏ పోగు ఎప్పుడు లేవాలో అందులోని చిప్పు చెబుతుంది. అంతకుముందు ఆ పని చిల్లులు పొడిచిన అట్టలు చేసేవి. "ఈ చెత్తంతా ఇంకెందుకన్నా?" అని ఆ అట్టల్ని పాత సామానువాడికి వేయించింది కూడా నేనే.

ఏడాది బాగా నడిచింది. ఊరుకుంటే నేనెందుకవుతాను! ఇంకొంచెం వేగం కోసం ఆ అమావాస్య నాడు కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. నూటికి నూరూ ఎక్కిందని తెర చెప్పింది. అంతే, పెట్టె మీది లైటు ఆరిపోయింది. కేబుల్ మార్చాను, పీకి పెట్టాను, ల్యాప్‌టాప్ ఆపి వేశాను. అసలక్కడ చిప్పు ఉన్నట్టే దానికి తెలియడం లేదు.

"ఏమాయప్పా, అట్లైపోయినావు?" అన్నాడు పక్కనే ఉన్న నేతన్న.

"ఏం లేదన్నా, ఐదు నిమిషాలు."

ఆ ఐదు నిమిషాలు మధ్యాహ్నం దాకా సాగాయి. లేస్తాను, కూర్చుంటాను, మళ్లీ కేబుల్ పీకుతాను. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, కానీ నా భయం దాని గురించి కాదు. ఆ అంచు డిజైను ఆయన నాయన గీసింది. దాని నకలు నా పాత ల్యాప్‌టాప్‌తోపాటే పోయింది. ఇంకోటి తీసుకోవాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను, ఛీ! ఇప్పుడది ఉన్నది ఆ పలకని చిప్పులోనే.

దాచలేక చెప్పేశాను. ఆయన అరిచినా బాగుండేది.

"మా నాయన గీసింది... ఇంగ యాడా లేదా?" అన్నాడు.

అప్పటికి నా తప్పు తట్టింది. ల్యాప్‌టాప్‌తో మాట్లాడాల్సిన చిప్పు పిన్నుల్నే కొత్త ప్రోగ్రాంలో వేరే పనికి పెట్టాను. ఆ ప్రోగ్రాం మొదలుకాకముందే చిప్పును పట్టుకోవాలి. అంటే, కరెంటిచ్చే క్షణానికి బోర్డు మీది రెండు టంకం చుక్కల్ని కలిపి పట్టాలి. అక్కడ బటన్ ఉండాలి. చోటు చాలదని నేనే పెట్టలేదు. చుక్కలు నువ్వుగింజంత. పక్కదానికి తగిలితే చిప్పు నిజంగానే కాలిపోతుంది. నా దగ్గరున్న స్క్రూడ్రైవరు మొనేమో వాటికంటే లావు.

"ఇట్లియ్యప్పా. దినామూ తెగిన పోగులు అతికేటోణ్ణి," అంటూ సూది తెచ్చాడు. అంతలోనే ఆగాడు. "ముందు దాన్ని మగ్గం మీంద నుంచి దించు. ఈపొద్దు మగ్గం ముట్టను."

నా తిప్పల్లో నేనుంటే ఈయన అమావాస్య ఒకటి! విసుక్కుంటూనే స్క్రూలు విప్పి, పెట్టెను అరుగు మీద పెట్టాను. ఆయన సూదిని రెండు చుక్కల మీద ఆనించి ఊపిరి బిగబట్టాడు. కరెంటిచ్చాను. ల్యాప్‌టాప్ టింగుమంది.

చిప్పులో ఉన్నదంతా తుడిచేయమంటావా అని తెర అడిగింది. అలవాటుగా నా వేలు 'అవును' మీదికే పోయింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాను. ముందు డిజైను బయటికి తీసి మూడు చోట్ల దాచాను. ఆ తర్వాతే పాత ప్రోగ్రాం ఎక్కించాను. లైటు వెలిగింది.

"రేపు నేసుకోవచ్చన్నా!" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"శానా సంతోషమప్పా. ఆ అంచు గళ్ల కాగితం మీద గీసియ్యి. మళ్లా అట్టలు కొట్టిచ్చుకుంటా."

"పెట్టె బాగైంది కదన్నా?"

"బాగైందిలే. అట్టలైతే నా కండ్లకు కనపడతాయి."

సాయంత్రం బస్సు వదిలేసి, ఆ అరుగు మీదే గళ్లు నింపుతూ కూర్చున్నాను.