తుమ్మలపెంట ఇసుకలో కిలోంబావు ట్రైపాడ్

పదేళ్లుగా ఫొటోలు తీసేది నేనైతే, ట్రైపాడ్ మోసేది మా ఆయన. పాత అల్యూమినియంది మూడు కిలోల పైమాటే. మొన్న వేసవిలో ఆయన వెన్నుకు ఆపరేషన్ అయింది. ఇక బరువులెత్తకూడదన్నారు డాక్టరు. ఒక్కదాన్నే మోసుకు తిరగగలనా, లేక కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేసుకోవాలా? అది తేల్చుకోవడానికే తుమ్మలపెంట బీచికి బయలుదేరాను. కిలోంబావు బరువుండే కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ కొన్నాను, తొమ్మిది వేలైంది. వారంలోపు తిరిగి ఇచ్చేయవచ్చన్నాడు షాపతను.

నెల్లూరులో తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సెక్కితే, కొడవలూరు మీదుగా కావలి గంటంబావు. అక్కడి నుంచి బీచికి ఆటో, వెయిటింగుతో కలిపి ఐదువందలు. నా సంచికి కట్టిన ట్రైపాడ్ చూసి డ్రైవరుకు అనుమానమొచ్చింది.

“సర్వేకొచ్చినారా మేడం? ఎవురి భూమి కొలస్తారు?”

“ఫొటోలకయ్యా.”

“అట్లయితే సరే. ఆ స్టాండు చూస్తే మావోళ్లకు గుండెల్లో రాయి పడద్ది.”

ఇసుకలో అర కిలోమీటరు నడిచినా భుజం నొప్పి పుట్టలేదు. సంతోషం అంతవరకే. అలలు పొగలా రావాలంటే షట్టరు రెండు సెకన్లు తెరిచి ఉంచాలి, గాలికేమో ట్రైపాడ్ వణికిపోతోంది. తీసినవన్నీ మసక. బరువు కోసం ట్రైపాడ్ కింద మధ్యలో ఉండే కొక్కేనికి సంచి వేలాడదీస్తే, అది ఊగి మరింత పాడుచేసింది. ఇంత చేసీ బీరువాయే గతా అని ఏడుపొచ్చినంత పనైంది.

పక్కనే ఒక కుటుంబం కొత్త పడవకు పసుపు రాసి కొబ్బరికాయ కొడుతోంది. ఆ ఇంటి కోడలు నాకూ బొట్టు పెట్టింది.

“అక్కా, మా పడవ ఈ పొద్దే దిగతాంది. అందర్నీ ఒక ఫొటో తియ్యి. నువ్వు గూడా రా.”

“నేనొస్తే తీసేదెవరమ్మా?”

“ఆ స్టాండు ఎందుకుండాది మరి?”

నిజమే. కెమెరాను ఇంకా పైకెత్తే మధ్య కడ్డీ పూర్తిగా దించాను. కాళ్లలో అన్నిటికన్నా సన్నటి భాగాలు లోపలికి నెట్టేశాను. కాళ్లను ఇసుకలోకి గుచ్చి, సంచి ఊగకుండా నేలకు ఆనేలా కట్టాను. టైమరు పెట్టి, పడేనా ఉండేనా అనుకుంటూ పడవ దగ్గరికి పరుగెత్తాను. గాలి వీస్తూనే ఉంది, ట్రైపాడ్ మాత్రం కదల్లేదు. పసుపు చుక్కలతో సహా ఫొటో స్పష్టంగా వచ్చింది.

మా ఆయనకు పంపితే వెంటనే ఫోన్ చేశారు.

“నువ్వూ ఉన్నావే! తీసిందెవరు?”

“ట్రైపాడే.”

“మోసిందో?”

“నేనే.”

“అయితే నా ఉద్యోగం ఊడినట్టే,” అన్నారు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

ట్రైపాడ్ తిరిగి ఇవ్వలేదు. తేలికదానికి గాలిలో కాస్త ఓపిక కావాలి, కానీ ఇంట్లో వదిలేసి వచ్చిన బరువైనదానితో ఒక్క ఫొటో కూడా రాదు. కొనే ముందు మీ కెమెరా తగిలించి, మధ్య కడ్డీ ఎత్తకుండానే కంటి ఎత్తుకు వస్తుందో లేదో చూడండి. తర్వాత సామానంతా వీపున వేసుకుని షాపు మెట్లు ఒకసారి ఎక్కి దిగండి. వెంట వచ్చినవాళ్లు అందుకోబోతే మాత్రం ఇవ్వకండి.