ఒళ్లోకి ఇవ్వని పిల్లాడు

బొగ్గు గనులున్న మా ఘుగ్గుస్ నుంచి చంద్రపూర్ వెళ్లే బస్సులో, నిలబడ్డవాళ్ల పిల్లల్ని కూర్చున్నవాళ్లు ఒళ్లోకి తీసుకుంటారు. అడగడాలు, మొహమాటాలు ఉండవు. ఆ రోజు మూతికి గుడ్డ కట్టిన రెండేళ్ల పిల్లాడిని చంకనేసుకుని ఒక తల్లి నా సీటు పక్కన నిలబడితే, నేనూ చేతులు చాచాను.

"ఇటియ్యి బిడ్డా."

"వద్దు పెద్దమ్మా. నువ్వు దగ్గుతున్నవ్."

వెనక సీటాయన నవ్వాడు. "నీ కొడుకేమన్న కలెక్టర్ సాబా, ఎవ్వరు ముట్టొద్దా?"

ఆమె అతని వైపు చూడలేదు. నాతోనే చెప్పింది. "వీనికి రోగాన్ని ఆపే బలం పుట్టుకతోనే లేదట. మనకైతే జలుబు, వీనికి పానం మీదికొస్తది. పెద్దోడు గట్లనే పోయిండు."

నాకు కోపం వచ్చింది, దాచను. "నాది బొగ్గు దుమ్ము దగ్గు. అంటుకునేది గాదు" అన్నాను.

"మా అత్త గూడ దుమ్ము దగ్గే అనుకున్నది పెద్దమ్మా. పెద్దోన్ని ఎత్తుకున్నది."

మెల్లగానే అంది. వెనకాయన కిటికీలోంచి బయటికి చూడసాగాడు. నేను లేచి ఆమెకు సీటిచ్చి, డ్రైవర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. నాది దుమ్ము దగ్గేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పందెం ఆమె బిడ్డ మీద కాయలేను కదా.

చాలాసేపటికి వెనక్కి తిరిగాను. పిల్లాడు నాకేసి చెయ్యి ఊపుతున్నాడు. ఆమె ఆపలేదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి ఊపాను.