ఎదురు వరుస కోసం

మా ఓనరాంటీ మొన్న గురువారం పొద్దున పోయారు. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, సోమాజిగూడలో ఒక ఆసుపత్రి మంచం మీద కన్నుమూశారు.

అమీర్‌పేట వెనక సందులో ఆమె ఇంటి పై వాటాలో చాలా ఏళ్ళుగా అద్దెకుంటున్నాం. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో మంచినీళ్ళు ఎప్పుడొస్తాయో మాకు తెలిసేది కాదు. "నల్లా వచ్చిందీ!" అని ఆమె కేకేస్తే మా వరుసలోనూ, ఎదురు వరుసలోనూ బిందెలు కదిలేవి. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని, ఎదురింట్లో ఇస్త్రీ చేసే ఆవిడతో ఇక్కడి నుంచే కబుర్లాడేవారు. ఆవిణ్ని "చెల్లే" అని పిలిచేవారు. సందు ఎంత ఇరుకంటే గొంతు పెంచే పనే ఉండేది కాదు.

పంజాగుట్ట వైపు రద్దీ తగ్గించడానికి ఆ సందును వెడల్పు చేస్తామన్నారు. ఎదురు వరుస గోడల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. మా వైపు ఒక్కటీ పడలేదు. పక్కింటాయన సంతోషం ఆపుకోలేకపోయాడు.

"మనకేమైతది ఆంటీ? మన ఇండ్లకు ఇంక మస్తు గిరాకి."

"మరి గాళ్ళు యాడికి పోవాలె?" అన్నారామె.

మర్నాటి నుంచి ఎదురు వరుస వాళ్ళను వెంటబెట్టుకుని ఎర్రమంజిల్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒకసారి నేనూ వెళ్ళాను.

"అంబులెన్స్ పోవాలన్నా రోడ్డు కావాలి కదమ్మా. ఊరు పెరుగుతోంది," అన్నాడు అధికారి విసుగ్గా.

"నేను నర్సుగ చేసిన సార్. రోడ్డు వద్దంటలేను. ఊరు పెరగాలె. కానీ ఉన్నోళ్ళను ఎల్లగొట్టి పెరుగుడేంది? దగ్గర్ల ఏడనన్న జాగ చూపెట్టి, అప్పుడు తీయుండ్రి."

ఆయన తల ఊపాడు. జాగా మాత్రం ఎవరూ చూపించలేదు. కూల్చే యంత్రం వచ్చిన రోజు ఆంటీ వెళ్ళి ఎదురింటి గడపలో కూర్చున్నారు. ఒక లేడీ కానిస్టేబుల్ మర్యాదగానే చెయ్యి పట్టి లేపింది. లేచి, నేరుగా లోపలికి వెళ్ళి ఇస్త్రీ బల్లకు ఒక కొస పట్టుకున్నారు.

"ఏడ్వకు చెల్లే. జర ఆ పక్క పట్టు. మా హాల్ల పెట్టుకుందాం."

ఊరి చివర గది దొరికేదాకా ఆ సామానంతా ఆమె హాల్లోనే ఉంది.

రోడ్డు పడింది. ఇప్పుడు మా పాపను స్కూలు బస్సు గుమ్మం ముందే దింపుతుంది. ఆ మాట ఆంటీ ముందు ఎన్నడూ అనలేకపోయాను. నల్లా వస్తూనే ఉంది, ఆమె మాత్రం కేకేయడం మానేశారు. "ఎవర్ని పిలవాలె?" అన్నారు ఒకసారి, నేనడిగితే.

అంత్యక్రియల రోజు మా గుమ్మం ముందు శవపేటిక ఉంచి ప్రార్థన మొదలవుతుండగా రోడ్డుకు అవతలి వైపు బస్సు ఆగింది. ముందు ఇస్త్రీ ఆవిడ దిగింది, వెనకే పాత వరుస వాళ్ళంతా. ఒకప్పుడు తమ వంటిళ్ళు ఉన్న చోట, రోడ్డు అంచున, పూలదండలు పట్టుకుని నిలబడ్డారు. బండ్లు ఆగడం లేదు. చేతులెత్తి ఒకడుగు వేస్తున్నారు, మళ్ళీ వెనక్కి తగ్గుతున్నారు. ఇవతల పెట్టె పక్కన పాస్టరుగారు చదవడం ఆపి, బైబిలు మూయకుండా, వాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డారు.