నంబరు పడని మెమోలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటివారంలో, యానాంలో మా ఆఫీసు సూపరింటెండెంటుగా ఉన్న నాకు పొగాకు వ్యతిరేక ప్రచారం అదనపు బాధ్యతగా అప్పగించారు. అప్పటికి నేను రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాణ్ణి. ఆ సంగతి ఆర్డరులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మెట్టకూరు సభలో మైకు పట్టుకుని ఊపిరితిత్తుల గురించి గంభీరంగా చెబుతుంటే, ముందు వరసలో ఒక ముసలమ్మ, "మరి మీ జేబులో ఆ పెట్టేంటండీ బాబూ?" అని అడిగింది. సభ దిగ్విజయంగా జరిగిందని రిపోర్టు పంపి, మర్నాటి నుంచి సిగరెట్టు మానేశాను.

డాక్టరు చెప్పినవన్నీ చేశాను. నోట్లో లవంగం, గంటకో గ్లాసు నీళ్లు, సాయంత్రం ఏటిగట్టు మీద నడక. సిగరెట్టు మానేసిన దగ్గర్నుంచి ప్రతిదానికీ వస్తున్న కోపం మాత్రం తగ్గలేదు. ఆఫీసులో కోపం తీర్చుకోవడానికి రాజమార్గం మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం. వారంలో ఆరు రాశాను. ఫైలు తాడు వదులుగా కట్టాడని ఒకరికి, ఫోనులో నవ్విందని ఇంకొకరికి. ఏడోది అటెండరు సత్తిబాబుకి, టీ గ్లాసు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టినందుకు. "పై అధికారి పట్ల అవిధేయత" అని రాసి, పుదుచ్చేరి హెడ్డాఫీసుకి నకలు కూడా పెట్టాను.

నాలుగు రోజులకి కోపం కాస్త దిగాక గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్లుగా అటెండరుగా ఉన్న సత్తిబాబు పేరు ఆ నెలే గుమస్తా ప్రమోషన్ల జాబితాలోకి వెళ్లాలి. మెమో పెండింగులో ఉంటే పేరు కొట్టేస్తారు. గ్లాసు చప్పుడుకి ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేశానే అని భయపడ్డాను, సిగ్గుపడ్డాను.

డెస్పాచ్ గుమస్తా నాగమణి దగ్గరికి పరుగెత్తాను. ఆఫీసు నుంచి బయటికెళ్లే ప్రతి కాగితానికీ రిజిస్టరులో నంబరు వేసి పంపేది ఆవిడే. మెమోలు వెళ్లిపోయాయా అని అడిగితే, సొరుగు లాగింది. ఏడూ అక్కడే ఉన్నాయి.

"నంబరు పడకపోతే ఇయ్యి ఉత్త కాయితాలేనండి. మా ఆయన చుట్ట మానేసినప్పుడు నెల్లాళ్లు కంచాలు ఇసిరేసేవోరండి. మీయి కాయితాలే కదా, సొరుగులో పట్టేత్తాయిలే అనుకున్నానండి," అంది.

సత్తిబాబు గుమస్తా అయ్యాడు. నేను మళ్లీ సిగరెట్టు ముట్టలేదు. నేర్చుకున్నది ఒకటే. కోపంతో సంతకం పెట్టిన కాగితం కొన్నాళ్లు సొరుగులో మాగాలి. అయితే పై అధికారి కాగితాలు తొక్కిపట్టడం నిబంధనల ప్రకారం పెద్ద తప్పు. నాగమణికి మెమో ఇవ్వాల్సిందే. ఇవ్వలేదు. ఇచ్చినా, దానికి నంబరు వేయాల్సింది ఆవిడే.